గుప్పెట్లో పెద్ద తూటా

పెద్ద బోరు రివాల్వర్‌ను జేబులో పట్టేంత చిన్నగా చేయాలన్న పంతానికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రకు మూలమైన ఊరు న్యూజెర్సీలోని పార్సిప్పనీకి అరగంట దూరంలోనే ఉంది. సేకరించాలనుకునేవారూ వెంట ఉంచుకోవాలనుకునేవారూ ముందుగా తెలుసుకోవలసిన సంగతులివి.

పార్సిప్పనీ తెలుగువారికి ఇంటర్‌స్టేట్‌ 80 బాగా అలవాటైన దారి. నార్త్‌ బెవర్విక్‌ రోడ్డులో సరుకులు కొనుక్కుని, వారాంతంలో చుట్టాలొస్తే అదే దారిన తూర్పుగా వెళ్లి ప్యాటర్సన్‌లో పసాయిక్‌ నది 77 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం చూపించి వస్తాం. ఫొటోలు దిగుతాం, ఇంటికొచ్చేస్తాం. ఆ జలపాతం నుంచి కాలువల్లోకి మళ్లించిన నీటితోనే ఒకప్పుడు అక్కడొక తుపాకుల కార్ఖానా నడిచిందనీ, మనం సినిమాల్లో చూసి ఈలలు వేసిన రివాల్వర్‌ అక్కడే వ్యాపార సరుకుగా రూపు దిద్దుకుందనీ చాలామందికి తెలియదు.

తెలుగువాడికి రివాల్వర్‌ను పరిచయం చేసింది వెండితెర. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’లో గుర్రమెక్కి వచ్చాక ఊరూరా పిల్లలు వేళ్లతోనే తుపాకులు పేల్చారు. సినిమా బయట మాత్రం లైసెన్సు ఉన్నవారి దగ్గర కనిపించేది ఎక్కువగా కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కార్ఖానావారి పాయింట్‌ 32. సైన్యం వాడే .455 లాంటి పెద్ద బోర్లు పౌరుల చేతికి పోకూడదని బ్రిటిష్‌వారు పెట్టిన ఆంక్షల వారసత్వం అది. అందుకే పెద్ద బోరు చిన్న రివాల్వర్‌ మనకు కొత్త వస్తువు. అమెరికా వచ్చాక దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారు అది ఇంత చిన్నదేమిటని ఒకసారి, ఇంత వెడల్పు గొట్టమేమిటని మరోసారి ఆశ్చర్యపోతారు.

జలపాతం పక్కన మొదలు

1836లో శామ్యూల్‌ కోల్ట్‌కు అమెరికా పేటెంట్‌ దక్కేనాటికి అతని వయసు 21. ఆ ఏడాదే ప్యాటర్సన్‌లో కంపెనీ పెట్టాడు. అక్కడ తయారైన ప్యాటర్సన్‌ రివాల్వర్‌కు ట్రిగ్గర్‌ చుట్టూ రక్షణ కమ్మీ ఉండదు. అసలు ట్రిగ్గరే పైకి కనిపించదు. హ్యామర్‌ను వెనక్కి లాగితే మడిచి ఉన్న ట్రిగ్గర్‌ కిందికి దిగుతుంది. సిలిండర్‌లో గదులు ఐదు. ఈ ఐదు అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

వ్యాపారం నిలబడలేదు. ప్రభుత్వ కొనుగోళ్లు చాలినన్ని రాక 1842లో కార్ఖానా మూతపడింది. అయితే ఆ తుపాకులు అప్పటికే టెక్సస్‌ చేరి పేరు తెచ్చుకున్నాయి. వాటిని యుద్ధంలో వాడి చూసిన శామ్యూల్‌ వాకర్‌ సలహాలతో కోల్ట్‌ 1847లో మరో తుపాకీ తెచ్చాడు. అది .44 బోరు వాకర్‌ కోల్ట్‌. బరువు రెండు కిలోల పైమాటే. నడుముకు కట్టుకోలేక గుర్రపు జీనుకు తగిలించుకునేవారు. పెద్ద తూటా కావాలంటే పెద్ద తుపాకీ తప్పదన్నది అప్పటి లెక్క. ఆ లెక్క తప్పని నిరూపించడమే ఆ తర్వాతి తరాల పని అయింది.

ప్యాటర్సన్‌లో ఆ ‘గన్‌ మిల్‌’ శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఒకప్పుడు రైలింజన్లు బిగించిన రోజర్స్‌ భవనంలో ఇప్పుడు ప్యాటర్సన్‌ మ్యూజియం ఉంది. కోల్ట్‌ తుపాకులను అక్కడ అద్దాల వెనక చూడవచ్చు. వాటి నిరాడంబరమైన గీతలు, ఎక్కడా అదనంగా కనిపించని లోహం చూస్తే ఇవి ఆయుధాలకన్నా ముందు పనితనపు నమూనాలని అర్థమవుతుంది. 2011లో పెట్టెతో సహా దొరికిన ఒక టెక్సస్‌ ప్యాటర్సన్‌ వేలంలో 9,77,500 డాలర్లు పలికింది. సొంతం చేసుకోవడం అందరివల్లా కాదు. చూసి రావడానికి అరగంట చాలు.

బర్మింగ్‌హామ్‌ బుల్‌డాగ్‌

పెద్ద తూటాను కోటు జేబులోకి తెచ్చినవారు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌ పనివారు. 1872లో వెబ్లీ కంపెనీ ‘బ్రిటిష్‌ బుల్‌డాగ్‌’ను విడుదల చేసింది. రెండున్నర అంగుళాల గొట్టం, .44, .45 తరగతి తూటాలు, ఐదు గదులు. పిడి చివర చిలుక ముక్కులా వంగి ఉంటుంది. ఆ పేరుకు, ఆ రూపానికి ఎంత గిరాకీ వచ్చిందంటే బెల్జియం, అమెరికా కార్ఖానాలెన్నో బుల్‌డాగ్‌లు చేయడం మొదలుపెట్టాయి. చివరకు అది ఒక కంపెనీ మోడల్‌గా మిగలక, ఒక జాతి పేరైపోయింది.

ఆ జాతి మీద పడిన మచ్చను దాచకూడదు. 1881 జులై 2న వాషింగ్టన్‌ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్‌ గార్‌ఫీల్డ్‌ మీద చార్లెస్‌ గిటో కాల్పులు జరిపింది బుల్‌డాగ్‌తోనే. గుండు కన్నా, దాన్ని వెతకడానికి వైద్యులు గాయంలో పెట్టిన కడగని వేళ్లే ఎక్కువ హాని చేశాయని చరిత్రకారులు అంటారు. సముద్రపు గాలికి కోలుకుంటాడని ఆయన్ను మన న్యూజెర్సీ తీరంలోని ఎల్బెరాన్‌కు తెచ్చారు. రైలు ఇంటి ముంగిటిదాకా రావాలని ఊరివాళ్లు రాత్రికి రాత్రే పట్టాలు వేశారు. సెప్టెంబరు 19న ఆయన అక్కడే కన్నుమూశారు. పాత తుపాకీని ప్రేమించేవాడు ఈ కథను కూడా దానితోపాటే భుజానికెత్తుకోవాలి. లేకపోతే అది సగం చరిత్రే.

కోసి చిన్నది చేసిన ఫిట్జ్‌

ఇరవయ్యో శతాబ్దంలో కథ మళ్లీ కోల్ట్‌ దగ్గరికే వచ్చింది. ఆ కంపెనీలో పనిచేసిన జాన్‌ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్‌ 1920లలో ఒక సాహసం చేశాడు. న్యూ సర్వీస్‌ అనే భారీ .45 రివాల్వర్‌ను తీసుకుని గొట్టాన్ని రెండంగుళాలకు తగ్గించాడు. జేబులో బట్టకు తగులుకోకుండా హ్యామర్‌ కొమ్ము తీసేశాడు. వేలు త్వరగా పడాలని ట్రిగ్గర్‌ రక్షణ కమ్మీ ముందుభాగాన్నీ కోసేశాడు. అలాంటివి రెండు ప్యాంటు ముందుజేబుల్లో పెట్టుకు తిరిగేవాడు. ‘ఫిట్జ్‌ స్పెషల్‌’ అని పేరొచ్చిన వీటిలో అసలైనవి చాలా కొద్ది. మార్కెట్లో కనిపించేవి చాలావరకు వాటిని చూసి ఎవరో ఇంటి షెడ్డులో కోసుకున్నవి. అసలైనదేనని ధ్రువీకరించే కోల్ట్‌ ఆర్కైవ్‌ లేఖ లేని ఫిట్జ్‌కు ఫిట్జ్‌ ధర పెట్టకూడదు. అసలైనదాన్ని కూడా చూసి ముచ్చటపడాలే తప్ప వెంట ఉంచుకోకూడదు. రక్షణ కమ్మీ లేని ట్రిగ్గర్‌ జేబులో ప్రమాదమే.

తుపాకీని కోయడంతో కాకుండా పునాది నుంచే చిన్నగా కట్టినవాడు డగ్‌ మెక్‌క్లెనహాన్‌. 1964లో కనెటికట్‌లో చార్టర్‌ ఆర్మ్స్‌ స్థాపించి, 1973లో .44 స్పెషల్‌ బుల్‌డాగ్‌ తెచ్చాడు. మూడంగుళాల గొట్టం, ఐదు గదులు, ఖాళీ బరువు 540 గ్రాములకు అటూ ఇటూ. వాకర్‌ కోల్ట్‌లో నాలుగో వంతు బరువు! పక్కపలక లేకుండా ఒకే ముక్కగా చేసిన ఫ్రేమ్‌ దాన్ని తేలికగానూ గట్టిగానూ ఉంచింది. ట్రిగ్గర్‌ను పూర్తిగా లాగితేనే హ్యామర్‌ దెబ్బను సూదికి అందించే ట్రాన్స్‌ఫర్‌ బార్‌ ఉండటంతో, చేయిజారి కింద పడినా పేలే భయం తగ్గింది.

1976, 77లలో న్యూయార్క్‌ను వణికించి ఆరుగురి ప్రాణాలు తీసిన డేవిడ్‌ బెర్కోవిట్జ్‌ చేతిలో ఉన్నదీ ఈ బుల్‌డాగే. పత్రికలు మొదట అతన్ని తుపాకీ బోరు పేరుతోనే పిలిచాయి. ఆ నీడ ఈ మోడల్‌ను ఇప్పటికీ వదల్లేదు.

ఆరు కాదు, ఐదే ఎందుకు?

ఖాళీ అని నిర్ధారించుకున్న బుల్‌డాగ్‌ సిలిండర్‌ను పక్కకు తెరిచి వెనక నుంచి చూడండి. ఐదు రంధ్రాలు. ఈ తరహా రివాల్వర్ల అందమంతా అక్కడే ఉంది.

.44 స్పెషల్‌ తూటా వెనక అంచు వెడల్పు 13 మిల్లీమీటర్లు. అలాంటివి ఆరు వృత్తంలో పేర్చి, మధ్యమధ్య చాలినంత ఉక్కు వదిలితే సిలిండర్‌ లావెక్కిపోతుంది. ఒకటి వదులుకుంటే నడుము దగ్గర ఉబ్బు తగ్గుతుంది. ఇంకో మేలు కంటికి అంత తేలిగ్గా కనిపించదు. ప్రతి గదీ గొట్టానికి ఎదురుగా వచ్చినప్పుడు సిలిండర్‌ను కదలకుండా పట్టడానికి కింద నుంచి ఒక చిన్న మేకు పైకి లేచి గాడిలో కూర్చుంటుంది. ఆరు గదులుంటే ఒకటి పైన ఉన్నప్పుడు సరిగ్గా కింద కూడా మరో గది ఉంటుంది. గాడి కోసం ఆ గది గోడనే పలచన చేయాలి. ఐదు గదులుంటే కిందికి వచ్చేది రెండు గదుల నడుమ ఉన్న దళసరి ఉక్కు. గాడి అక్కడ పడుతుంది, గోడ బలం చెడదు. ఒక తూటా తగ్గించుకున్నందుకు తుపాకీ సన్నబడింది, బలమూ నిలిచింది.

1907లో స్మిత్‌ అండ్‌ వెసన్‌ తెచ్చిన .44 స్పెషల్‌ స్వభావం కూడా ఈ పొదుపుకు సరిపోయింది. పాత తరహా తూటాలో గుండు బరువు 246 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సెకనుకు 230 మీటర్ల దరిదాపుల్లో. వేగం కన్నా బరువును, వెడల్పును నమ్ముకున్న తూటా అది. ఎల్మర్‌ కీత్‌ లాంటి తుపాకీ నిపుణులు దాన్నే మరింత మందుతో దట్టించి పరీక్షించిన ఫలితంగా 1955లో .44 మ్యాగ్నమ్‌ పుట్టింది. చిన్న రివాల్వర్‌కు మాత్రం చెల్లెలి కన్నా అక్కే నచ్చింది. 1990లలో స్మిత్‌ అండ్‌ వెసన్‌ తెచ్చిన స్టెయిన్‌లెస్‌ 696 కూడా మూడంగుళాల గొట్టం, ఐదు గదులతోనే వచ్చింది. కొన్నేళ్లకే ఆగిపోయిన దానికోసం సేకర్తలు ఇప్పుడు వెతుకుతున్నారు.

కొనే ముందు కన్ను

అమెరికా ప్రభుత్వ లెక్కలో 50 ఏళ్లు దాటిన తుపాకీ ‘క్యూరియో’ కోవలోకి వస్తుంది. 1973 నాటి తొలి బుల్‌డాగ్‌లు ఆ గడప దాటేశాయి. 1898, అంతకుముందు తయారైనవి ఫెడరల్‌ చట్టం దృష్టిలో ప్రాచీన ఆయుధాలు. న్యూజెర్సీ చట్టం మాత్రం తన సొంత నిర్వచనాలతో చూస్తుంది. పాతదే కదా అని అనుమతి లేకుండా కొనకండి.

బ్రిటిష్‌ బుల్‌డాగ్‌ అంటూ చూపించేవాటిలో అండాకారపు గీత మధ్య ఈఎల్‌జీ అక్షరాల ముద్ర కనిపిస్తే అది బెల్జియంలోని లీజ్‌లో పరీక్షకు నిలిచిన సరుకు. అది తక్కువదని కాదు, వెబ్లీ ధర మాత్రం దానికి పెట్టకూడదు. ఖాళీ తుపాకీ హ్యామర్‌ను మెల్లగా దించి ట్రిగ్గర్‌ను వెనక్కి పట్టి ఉంచినప్పుడు సిలిండర్‌ పక్కలకు ఊగుతోందా, ముందుకూ వెనక్కూ ఆడుతోందా చూడాలి. గొట్టం మొదట్లో పగుళ్లున్నాయేమో దీపం వేసి వెతకాలి. అరిగిన అసలు నీలిరంగు ముందు మెరిసే కొత్త పూత దిగదుడుపే. పాలిష్‌ చేయించిన రోజే పాత తుపాకీ విలువ సగం పోతుంది.

నల్లమందు కాలపు బుల్‌డాగ్‌లో నేటి పొగరాని మందు తూటా ఎన్నడూ పెట్టకూడదు. ఆ ఉక్కు ఆ ఒత్తిడికి తట్టుకోదు. అద్దాల బీరువాలో ఉంటే దానికీ మర్యాద, మనకూ క్షేమం.

వెంట ఉంచుకోవాలంటే

2022 జూన్‌ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్‌ కేసులో ఇచ్చిన తీర్పుతో, తుపాకీ వెంట ఉంచుకోవడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూజెర్సీ నిబంధన పోయింది. మిగతావి పోలేదు. కొనడానికి ఒక్కో చేతి తుపాకీకి ఒక్కో అనుమతి, 30 రోజులకు ఒకటికి మించకూడదన్న హద్దు ఉన్నాయి. వెంట ఉంచుకునే పర్మిట్‌కు శిక్షణ, గురి పరీక్ష, రెండేళ్లకోసారి పునరుద్ధరణ. ఆ కాగితం హడ్సన్‌ నది దాటితే చెల్లదు. రోజూ మన్‌హట్టన్‌ వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

మనవాళ్లలో చాలామందికి వర్తించే నియమం మరొకటుంది. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్‌ చట్టం నిషేధించింది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడితో సరదాగా షూటింగ్‌ రేంజికి వెళ్లేముందు కూడా న్యాయవాదిని అడగడం మంచిది. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇండియా ప్రయాణానికి ముందు రేంజికి తీసుకెళ్లిన బ్యాగును దులిపి చూసుకోవాలి. మూలన ఒక్క తూటా మిగిలినా హైదరాబాద్‌ విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు ఎదురుకావచ్చు.

చట్టం దాటాక చేతికి పరీక్ష. 540 గ్రాముల తుపాకీలో 16 గ్రాముల గుండు పేలితే అరచేతికి గట్టి దెబ్బే తగులుతుంది. ఆ కుదుపుకు సిలిండర్‌లో మిగిలిన తూటాల గుండ్లు ముందుకు జారి సిలిండర్‌ తిరగకుండా పట్టేసే ప్రమాదమూ ఉంది. ఏ తూటా సరిపోతుందో రేంజిలోనే తేల్చుకోవాలి. న్యూజెర్సీలో మామూలు పర్మిట్‌దారు బయట కొన బోలుగా ఉండే హాలో పాయింట్‌ తూటాలు వెంట ఉంచుకోకూడదు కనుక, వెడల్పును నమ్ముకున్న పాత సీసపు గుండుకు ఇక్కడ ఇంకా అర్థం మిగిలింది. వెంట ఉంచుకోవడానికి బాగున్న ఆధునిక ప్రతిని ఎంచుకుని, పాతదాన్ని సేకరణలోనే ఉంచడం వివేకం.

అన్నిటికన్నా ముందు ఇల్లు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. చదువుల ఒత్తిడిలో ఉన్న పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన ఇనుప పెట్టె లేకుండా రివాల్వర్‌ కొనడమంటే ఆ వస్తువును గౌరవించకపోవడమే. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలిస్తే తాళం లేనట్టే లెక్క.

ఈ తుపాకులను చేసినవారు వదులుకోవడం తెలిసినవారు. ఆరో తూటాను వదిలారు, పొడవాటి గొట్టాన్ని వదిలారు, వేగాన్ని వదిలారు. ఆ త్యాగాల వల్లే అవి నిలిచాయి. కొనేవాడికీ ఆ గుణం రావాలి. పెట్టె సిద్ధం కాని ఇంటికి తుపాకీని వదులుకోవాలి. వీసా ఒప్పుకోకపోతే ఇంకొన్నేళ్లు ఆగాలి. కాగితాల్లేని ఫిట్జ్‌ను బేరంలో వదిలేయాలి. అన్నీ కుదిరినవారు కొనండి, నేర్చుకోండి, జాగ్రత్తగా దాచండి. కుదరనివారికి ప్యాటర్సన్‌ మ్యూజియం ఉంది. ఈసారి జలపాతం చూడటానికి వెళ్లినప్పుడు అక్కడికీ వెళ్లి, ఆ ఐదు గదుల పనితనం పిల్లలకు చెప్పండి. ఈ వస్తువును మెచ్చుకోవడానికి పర్మిట్‌ అవసరం లేదు.