ఒరలో మిగిలిన చరిత్ర

సూరత్ నగరంలో తాపీనది ఒడ్డున, పోర్చుగీసుల దాడులను అడ్డుకొనడానికి 1540 దశకంలో కట్టిన కోట నేడు ప్రదర్శనశాల. గతించిన యుద్ధాలను జనం తీరికగా చూసి వెళ్ళే చోటు అది. అయితే యుద్ధస్మృతులన్నీ కోటలలోనే ఉండవు. కొన్ని మన ఇళ్ళ అటకల మీద దుమ్ము పట్టి ఉంటాయి.

మగ్గాల పనికై తెలుగునాట నుండి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంట, రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతగారి ట్రంకుపెట్టె తెరిచారనుకోండి. పైన తోలు నడికట్టు, ఒక ఒర. అడుగున నూనెగుడ్డలో చుట్టిన బరువైన రివాల్వరు. చేయి ముందుగా దేనివైపు పోతుంది? రివాల్వరు వైపే. అక్కడే ఆగవలసి ఉంది.

బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ సంస్థ రివాల్వరును బ్రిటిష్ సైన్యం 1887లో స్వీకరించింది. 1915లో వచ్చిన ఆరవ నమూనా మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు పొందింది. మీట నొక్కి గొట్టాన్ని క్రిందికి వంచితే ఆరు ఖాళీ తూటాలూ ఒక్కసారిగా బయటపడతాయి. 1932లో దాని స్థానంలోకి తేలికైన ఎన్‌ఫీల్డు వచ్చింది. పాశ్చాత్య దేశాలలో అనేకులు వీటిని ముచ్చటపడి సేకరిస్తారు.

మన దేశంలో సంగతి వేరు. 0.455, 0.380 అంగుళాల సైనిక తూటాలు పేల్చగల రివాల్వర్లు మన ఆయుధ నిబంధనల ప్రకారం నిషిద్ధ శ్రేణిలోనివి. 2019 సవరణ తరువాత లైసెన్సుదారు సైతం రెండింటికి మించి తుపాకులు ఉంచుకొనరాదు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనివే. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికి 1959 ఆయుధ చట్టం మినహాయింపు ఇచ్చింది. కాని అది పేలుతుందో లేదో ఇంట్లో తేల్చుకొనే విషయం కాదు. పెట్టెలో ఆయుధం కనిపిస్తే ఆలస్యం చేయక సమీప పోలీసు ఠాణాకు తెలియజేసి అప్పగించడమే మార్గం.

ఇంత జరిగాక ఇంట మిగిలేది నడికట్టు, ఒర. నిజానికి కథ చెప్పేవి అవే.

భుజం మీదుగా ఏటవాలుగా పోయే పట్టీ గల తోలు నడికట్టును ‘శామ్ బ్రౌన్ బెల్టు’ అంటారు. అది పుట్టినది మన గడ్డపైనే. బారక్‌పూర్‌లో జన్మించిన శామ్యూల్ బ్రౌన్ అశ్వికదళాధికారి. 1858 ఆగస్టు 31న పిలిభిత్ సమీపాన జరిగిన పోరాటంలో ఎడమ చేయి కోల్పోయాడు. కత్తి దూయునపుడు ఒరను పట్టుకొనే చేయి లేదు. ఆ లోటు తీర్చడానికి, బరువును భుజానికి పంచే ఈ పట్టీని ఆయన కల్పించుకొన్నాడు. ఒక మనిషి అంగవైకల్యం నుండి పుట్టిన ఉపాయం లోకమంతటా సైనికుల వేషమైంది.

తోలు వెనుకభాగం తిప్పి చూడండి. తయారైన సంవత్సరం, బాణపు గుర్తు, దానితో ‘ఐ’ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ముద్ర. ఇక 1937 నమూనా సామగ్రి తోలు కాదు, దట్టంగా నేసిన నూలు పట్టీ. నేతపనివారు దానిని వ్రేళ్ళతో తడిమితే చాలు, సాంద్రతా అంచుల గట్టిదనమూ బోధపడతాయి. సూరత్ తెలుగువారికి ఇంతకంటె సన్నిహితమైన సైనిక స్మృతి ఏముంటుంది?

వీటిని కాపాడడం కష్టం కాదు. తోలుకు తేమ, తీక్ష్ణమైన ఎండ రెండూ శత్రువులే. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే బూజు పడుతుంది. గాలి ఆడే గుడ్డలో చుట్టాలి. ఇత్తడి బొత్తాల చుట్టూ చేరే పచ్చని మడ్డిని పొడిగుడ్డతో మెల్లగా తుడవాలి. తడిసిన తోలును నీడలోనే ఆరనివ్వాలి. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచెత్తింది. నదీతీరవాసులు ఇటువంటి పెట్టెలను ఎత్తైన చోట ఉంచడం మేలు.

చివరిగా ఒక చిన్న పని. ఆ నడికట్టు ఎవరిది, ఏ పటాలం, ఏ సంవత్సరాలు—తెలిసిన పెద్దలుండగానే అడిగి, కాగితం మీద వ్రాసి, దానితోపాటే ఉంచండి. ఆ కాగితం లేకపోతే, రేపు మీ మనుమడి చేతికి అందేది ఎవరిదో తెలియని ఒక తోలుముక్క మాత్రమే.