కావలివానికి ముసలితనము

ముసలితనము ఏండ్లతోనే వచ్చునని మన నమ్మకము. కాని మన దేహమును కాచు కణములకు విషము వలన గూడ అది ముందుగానే రాగలదు.

ఈ విచారణకు ఆద్యులలో నొకడు, నాటి రష్యా సామ్రాజ్యమున జన్మించిన ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సినా తీరమున ఆయన నక్షత్రచేప పిల్లల పారదర్శక దేహములలో గులాబీ ముండ్లు గ్రుచ్చెను. తెల్లవారుసరికి సంచార కణములు ఆ ముండ్లను చుట్టుముట్టియుండెను. సూక్ష్మజీవులను మ్రింగి మనలను రక్షించు భక్షక కణముల కథ అట్లు వెలువడినది. 1908లో పాల్ ఎర్లిక్‌తో బాటు ఆయన నోబెల్ బహుమానము పొందెను.

ప్రేగులలోని సూక్ష్మజీవుల విషములే వార్ధక్యమునకు హేతువని ఆయన తలచెను; అందులకు మందుగా పులిసిన పాలు త్రాగుచుండెను. ఆ ఊహ ఆయన చెప్పినట్లే నిలువలేదు. కాని అందొక సత్యబీజము కలదు.

టైఫాయిడ్ సూక్ష్మజీవి విడుచు ఒక విషము కణములోని డి.ఎన్.ఏ.ను తెంచును. చిగుళ్లను చెరచు ఒక సూక్ష్మజీవికిని అట్టి ఆయుధమే కలదు. ప్రయోగశాలలో దాని తాకిడికి లోనైన టి-కణములు విభజన మాని నిలిచిపోయినవి, పెక్కు మరణించినవి. తెగిన డి.ఎన్.ఏ. అతుకుకొననిచో కొన్ని కణములు చావవు, విభజన చెందవు. ముదిసిపోయి, వాపు పుట్టించు ద్రవ్యములను స్రవించి, ఇరుగుపొరుగు కణములను గూడ చెరచును. అప్పుడు కావలివాడే ఇంటికి బరువగును.

మెచ్నికోవ్ 1916లో 71 ఏండ్ల వయస్సున మరణించెను. పులిసిన పాలు ఆయనకు శతాయువు నీయలేదు. కాని ఆయన వేసిన ప్రశ్న నేటికిని సజీవము. విద్యార్థులారా, సమాధానము తప్పినను మంచి ప్రశ్న వృథా పోదు.