జనప్రియ చరిత్రలో నెత్తుటి మరకలు

చెక్ క్యాలెండర్‌లో దాదాపు ప్రతి తేదీ పక్కనా ఓ పేరు ఉంటుంది. ఆ రోజున ఆ పేరున్నవారికి శుభాకాంక్షలు చెప్పడం, పువ్వులివ్వడం అక్కడి ఆనవాయితీ. సెప్టెంబర్ 16 లుద్మిలల రోజు.

పేరు అచ్చమైన స్లావిక్. 'లుద్' అంటే జనం, 'మిల' అంటే ప్రియమైనది. మన 'జనప్రియ'కు సరిసమానం. నేటి చెక్ భాషలో జనాన్ని 'లిద్' అంటారు. పేరులో మాత్రం పాత 'లుద్' చెక్కుచెదరలేదు. కొత్త పలుకుబడి ముద్దుపేరు 'లీదా'లోనే వినిపిస్తుంది.

అర్థం ఎంత సౌమ్యమో చరిత్ర అంత కఠినం. ఈ పేరుకు ప్రాచుర్యం తెచ్చిన లుద్మిల, బొహీమియా పాలకుడు బొర్జివోయ్ భార్య. అక్కడ క్రైస్తవం స్వీకరించిన తొలి రాజదంపతులు వారే. 921లో కుమారుడు మరణించాడు. మనవడు వాక్లావ్ ఇంకా పిల్లవాడు. అతడి సంరక్షణ, దానితోపాటు అధికారం ఎవరిదన్న విషయంలో అత్తాకోడళ్లకు చెడింది. ఆ సెప్టెంబర్‌లోనే తెతీన్ కోటలో కోడలు ద్రహొమీర పంపిన మనుషులు లుద్మిల గొంతు నులిమి చంపారని గాథలు చెబుతున్నాయి. ద్రహొమీర పేరులోనూ ప్రియం, శాంతి అనే మాటలే వినిపించడం విచిత్రం. వాక్లావ్ పెద్దయ్యాక నాయనమ్మ అవశేషాలను ప్రాగ్ కోటకు చేర్పించాడు. ఆమె సెయింట్ లుద్మిల అయింది.

వెయ్యేళ్ల తర్వాత ఆ పేరు మరో హత్యలో వినిపించింది. ఈసారి చంపినవారి పక్షాన. 1950లో ప్రాగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వం మాజీ ఎంపీ మిలదా హొరాకొవాపై దేశద్రోహం మోపింది. నాజీల జైళ్ల నుంచి ప్రాణాలతో బయటపడ్డ న్యాయవాది ఆమె. 'మిలదా'లో ఉన్నదీ అదే 'మిల'. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రాసిక్యూటర్లలో 28 ఏళ్ల లుద్మిల బ్రొజొవా ఒకరు. కార్మికుల కోసం పెట్టిన స్వల్పకాలిక లా కోర్సు ఆమె అర్హత. తీర్పు ముందే ఖరారైన విచారణ అది. ఐన్‌స్టీన్, చర్చిల్ వంటివారి విజ్ఞప్తులు కూడా ఫలించలేదు. 'జనం' మాటను అడుగడుగునా జపించిన ప్రభుత్వం, జూన్ 27న ఆ జనం పేరిటే హొరాకొవాను ఉరితీసింది.

ఆ తీర్పు చెల్లదని 1968లోనే తేల్చారు. కానీ ప్రాసిక్యూటర్ వంతు రావడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. తన తప్పేమీ లేదన్న ఆమె వాదనను కోర్టు ఒప్పుకోలేదు. 2008లో ఆరేళ్ల జైలుశిక్ష పడింది. 87 ఏళ్ల వయసులో జైలుకెళ్లిన ఆమెను 2010 డిసెంబర్‌లో అప్పటి అధ్యక్షుడు క్షమాభిక్షతో విడుదల చేశారు. 2015లో ఆమె కన్నుమూశారు.

జనప్రియ అని పేరు పెట్టగలిగేది తల్లిదండ్రులే. జనం పేరిట ఎవరేం చేశారన్నది చరిత్ర తేలుస్తుంది. అన్నట్టు, క్షమాభిక్ష పెట్టిన ఆ అధ్యక్షుడు వాక్లావ్ క్లాస్. ఆయనది సెయింట్ లుద్మిల మనవడి పేరే.