‘ర’ ఒకప్పుడు నిలువు గీత

చైనాలో అక్షరం నేర్చుకునేవాళ్లకు దాని పుట్టుక కథ కూడా తెలుస్తుంది. సూర్యుడి గుర్తు పక్కన చంద్రుడి గుర్తు పెడితే వెలుగు. చెట్టు పక్కన మనిషి ఉంటే విశ్రాంతి. అలాగని అన్నీ బొమ్మలు కావు. చాలా అక్షరాల్లో ఒక భాగం అర్థాన్ని చెబితే, ఇంకో భాగం పలుకును చెబుతుంది. అమ్మను వాళ్లు ‘మా’ అంటారు. రాసేటప్పుడు స్త్రీ గుర్తు పక్కన గుర్రం గుర్తు పెడతారు. గుర్రానికి అక్కడ అర్థంతో పనిలేదు. దాన్ని కూడా, కాస్త రాగం మార్చి, ‘మా’ అనే పిలుస్తారు. షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలోనే తన నిఘంటువులో 9,353 అక్షరాలకు ఇలా పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టాడు.

మన ‘క’కు అర్థం లేదు, ధ్వనే ఉంది. అయితే దాని రూపానికి చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కొంత భాగం గోదావరి ప్రాంతంలో నడిచింది.

కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండల్లో గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. అక్కడి శాసనాల లిపి బ్రాహ్మి. బ్రాహ్మిలో ‘క’ అంటే లెక్కల్లో వేసే కూడిక గుర్తే. ‘గ’ రెండు కాళ్ల మీద నిలబడ్డ పందిరిలా ఉంటుంది. నేటి ‘గ’లోనూ ఆ రెండు కాళ్లు కనిపిస్తాయి. ‘థ’ అంటే నడుమ చుక్క పెట్టిన సున్న. ఇన్ని శతాబ్దాలు గడిచినా ఆ చుక్క చెరగలేదు.

అన్నిటికన్నా వింత ‘ర’ది. మొదట అది ఒట్టి నిలువు గీత. కాలక్రమంలో గీత అడుగు ఎడమవైపు వంగింది. వంపు పైకి పాకింది. పాకి పాకి తలను అందుకునేసరికి గీత కాస్తా గుండ్రమైంది. తల మీద పడిన చిన్న గంటు పెరిగి తలకట్టయింది.

ఈ మార్పులు ఒక్క రోజులో రాలేదు. ఏలూరు పక్కనున్న పెదవేగే శాలంకాయన రాజుల రాజధాని వేంగి. వాళ్ల రాగిరేకుల తర్వాత, 624 ప్రాంతంలో మొదలైన తూర్పు చాళుక్యుల కాలంలో, అక్షరాలు ఇంకా ఇంకా గుండ్రబడ్డాయి. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది, అందుకే వంపులు వచ్చాయని చాలామంది చెబుతారు. అది ఒక కారణమే కావచ్చు. రాసే చేతి వేగానికీ ఇందులో వాటా ఉందనిపిస్తుంది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనాన్ని రచించినవాడు నన్నయ. అప్పటికి తెలుగుకూ కన్నడానికీ దాదాపు ఒకటే లిపి. దారులు స్పష్టంగా వేరుపడింది ఆ తర్వాతే.

పలకల మీద ‘ర’ దిద్దించే బడుల్లో ఈ కథ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ముందు బోర్డు మీద నిలువు గీత గీయాలి, తర్వాత అడుగున వంపు తిప్పాలి. పెద్ద తరగతుల పిల్లల్నయితే విహారయాత్రకు గుంటుపల్లే తీసుకెళ్లవచ్చు.