గ్రీన్‌స్టెడ్ గ్రామపు కొయ్యగోడల చర్చి

ఆంగ్లదేశపు చర్చి యనగానే మనకు మిన్నంటు రాతిగోపురములును, రంగుటద్దముల కిటికీలును తలపునకు వచ్చును. నేడు నేను ముచ్చటింపబోవునది అట్టిది కాదు. లండను నగరమునకు ఈశాన్యమున ఎసెక్సు మండలములో, చిప్పింగ్ ఆంగర్ అను చిన్న పట్టణమునకు పడమరగా, గ్రీన్‌స్టెడ్ అను పల్లె కలదు. అచ్చటి చర్చి మన పల్లెలలోని ఒక మోస్తరు పెంకుటింటికంటె పెద్దది కాదు. నేను దానిని స్వయముగా చూచినవాడను కాను. పటములవలనను గ్రంథములవలనను ఎరిగితిని.

ముందుగా పారిష్ అనగా నేమో చెప్పవలెను. ఒక చర్చికిని దాని పురోహితునికిని చేరిన గ్రామపరిధియే పారిష్. పూర్వము ఆ పరిధిలోని రైతులు తమ పంటలో పదియవ వంతును చర్చికి చెల్లించుచుండిరి. కట్టడమున రెండు భాగములుండును. జనులు కూర్చుండు పడమటి భాగము నేవ్. బలిపీఠముండు తూర్పు భాగము చాన్సెల్. మన ముఖమండపమును గర్భగృహమును తలచుకొన్నచో పోలిక కొంతవరకు కుదురును, పూర్తిగా కుదురదు. నేవ్ మరమ్మతు గ్రామస్థులది, చాన్సెల్ మరమ్మతు పురోహితునిది అని పూర్వము ఆ దేశాచారముగా నుండెను. ఇట్టి పంపకమువలన ఎన్ని తగవులు పుట్టియుండునో గ్రామపెద్దలైన మీకు చెప్పనక్కరలేదు.

గ్రీన్‌స్టెడ్ చర్చి విశేషమంతయు నేవ్ గోడలలో నున్నది. ఆ గోడలు రాతివి కావు, ఇటుకవి కావు. ఓకు మ్రాకులను నిలువున చీల్చి, గుండ్రని వైపు వెలుపలికిని, చదునైన వైపు లోపలికిని ఉండునట్లు ఒకదాని ప్రక్కన నొకటి నిలిపినారు. లోపలి వైపున బాడిస దెబ్బల గురుతులు నేటికిని కనబడును. రెండు బద్దలు కలియుచోట ఇరువైపుల గాడి తీసి, అందులో సన్నని ఓకు బిళ్లను దిగగొట్టినారు. గాలియు వానయు లోనికి చొరకుండుటకు ఇది యుపాయము. ఇట్టి కొయ్యగోడ ఇంతకాలము నిలిచిన చర్చి ఆంగ్లదేశమున మరియొకటి లేదు.

మరి దీని వయస్సెంత? ఇచ్చటనే చిక్కు వచ్చినది. ఎడ్మండు అను రాజును డేనులు 869లో చంపిరి. తరువాత నతడు పుణ్యపురుషుడుగా పూజింపబడెను. 1013లో అతని కళేబరమును లండను నుండి స్వస్థలమునకు తిరిగి కొనిపోవుచు, ఒక రాత్రి ఈ చర్చిలో దింపిరని ఐతిహ్యము. 1960 ప్రాంతమున జరిగిన పరీక్షలో ఈ కొయ్య 845 నాటిదని తేల్చిరి. ఐతిహ్యమునకు అది చక్కగా సరిపోయినది, అందరును సంతోషించిరి.

అయితే 1995లో మరల పరీక్షించిరి. చెట్టు ఏడాదికొక వలయము చొప్పున పెరుగును. వానలు బాగుగా పడిన యేట వలయము వెడల్పుగను, కరవునాట సన్నముగను ఉండును. ఈ వెడల్పు సన్నముల వరుసను, కాలము తెలిసిన ఇతర కొయ్యల వరుసతో సరిచూచినచో సంవత్సరము తెలియును. గ్రీన్‌స్టెడ్ బద్దలలో మిగిలిన కడపటి వలయము 1053 నాటిదని తేలినది. చేవకు పైనుండు లేత కొయ్య పోయినది గావున, దానికి పదినుండి ఏబది యైదేండ్లవరకు కలుపవలెను. అనగా ఆ చెట్లను కొట్టినది 1063కు తరువాతనే. కావున ఎడ్మండు కళేబరము ఈ గోడల నడుమ ఉండుట పొసగదు. ఐతిహ్యమంతయు కల్ల యని దీనివలన తేలదు; చాన్సెల్ నేలక్రింద త్రవ్వగా అంతకు పూర్వపు కొయ్యకట్టడముల జాడలు కనబడినవి. దింపినది నిజమైనచో ఆ పాతదానిలో దింపియుందురు. మరియొక సంగతి. నార్మనులు ఆంగ్లదేశమును జయించినది 1066లో. ఈ గోడలు ఆ యుద్ధమునకు ముందువో తరువాతివో వలయములు చెప్పజాలవు. పని తీరుమాత్రము పాత సాక్సను వడ్రంగులదే.

తరువాతి మార్పులను క్లుప్తముగా చెప్పెదను. 1500 ప్రాంతమున చాన్సెల్‌ను ఇటుకతో కట్టిరి; దాని యడుగున నార్మనుల నాటి చెకుముకిరాతి పునాది కొంత మిగిలినది. పడమటి కొయ్యగోపురములోని గంటపై 1618 అని యున్నది. 1848లో బద్దల మొదళ్లు తడికి పుచ్చిపోగా, పుచ్చినంతమేర కోసివైచి, ఇటుక గోడపై క్రొత్త అడుగుదూలము పరచి, దానిపై వానిని నిలిపిరి. అసలు మొదళ్లు నేలతో ఎట్లు కలిసియుండెనో చూచు అవకాశము అంతటితో పోయినది. ఇందుకై వారిని నిందించువారు కలరు. నాకు మాత్రము, ఆ పని చేయకున్నచో గోడలే నిలిచియుండెడివి కావని తోచును.

ఇక నీ చర్చి వివాహపు పట్టీలో నొక పేరు కలదు. జ్ఞానస్నానము, పెండ్లి, ఖననముల లెక్కలు వ్రాయవలెనని 1538లో ప్రభుత్వము ప్రతి పారిష్‌ను శాసించినది. 1833లో డార్సెట్ మండలపు టాల్‌పడిల్ గ్రామమున ఆరుగురు వ్యవసాయ కూలీలు, కూలి తగ్గించుటకు ఓర్వలేక, రహస్యముగా ప్రమాణముచేసి సంఘము కట్టిరి. ఆ ప్రమాణమే నేరమని న్యాయస్థానము వారిని ఏడేండ్లకు ఆస్ట్రేలియా ద్వీపాంతరమునకు పంపినది. ప్రజలు గగ్గోలు పెట్టగా 1836లో క్షమాపణ లభించినది. తిరిగివచ్చినవారికి చందాలతో ఎసెక్సు మండలమున పొలములు కౌలుకు ఇప్పించిరి, అందొకటి గ్రీన్‌స్టెడ్‌లోనిది. వారిలో జేమ్సు బ్రైన్ అను యువకుడు, తనతో శిక్షననుభవించిన థామస్ స్టాండ్‌ఫీల్డు కూతురు ఎలిజబెత్తును 1839లో ఈ కొయ్యగోడల నడుమ వివాహమాడెను. కొలది యేండ్లకు ఆరుగురిలో అయిదుగురు కెనడాకు వలసపోయిరి. ఒక్కడు, జేమ్సు హామెట్, టాల్‌పడిల్‌కే తిరిగిపోయెను.