ఒకే కొట్లో పుట్టిన రెండు అద్దాలు

థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు 13 ఏళ్లు వచ్చేదాకా అతనికి చూపు ఆనదని ఇంట్లో ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు. 1872 ప్రాంతంలో తండ్రి అతనికొక తుపాకీ ఇప్పించాడు. తోటి కుర్రాళ్లతో పక్షుల వేటకు వెళితే, వాళ్లు గురిపెడుతున్న పిట్టలు అతని కంటికి కనబడేవే కావు. ఒకనాడు వాళ్లు దూరాన ఉన్న ప్రకటన బోర్డును పైకి చదువుతుంటే, తనకు దాని మీద అక్షరాలున్నట్టు కూడా తెలియడం లేదని గ్రహించి తండ్రితో చెప్పాడు. కళ్లజోడు వచ్చింది. దాంతో కొత్త లోకమే తెరుచుకుందని పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ కుర్రాడు అమెరికా అధ్యక్షుడయ్యాడు, పదవి దిగాక 1909లో ఆఫ్రికా అడవులకు వేటకు వెళ్లాడు. అంతకుముందు 1898లో క్యూబా యుద్ధానికి బయలుదేరినప్పుడు, ఒకటి పగిలితే ఇంకొకటి ఉండాలని అదనపు కళ్లజోళ్లు వెంట తీసుకెళ్లాడు. 1912 అక్టోబరు 14న మిల్వాకీలో ఒకడు అతని మీద కాల్పులు జరిపితే, మడిచిపెట్టుకున్న ఉపన్యాసం కాగితాలూ, జేబులోని ఉక్కు కళ్లజోడు డబ్బా కలిసి తూటా వేగాన్ని తగ్గించాయి. కళ్లద్దాలు లేకపోతే తుపాకీ తనకు ఎందుకూ కొరగాదని రూజ్‌వెల్ట్‌కు బాల్యంలోనే తెలుసు. కళ్లద్దాలు పెట్టుకుని రైఫిల్ మీది స్కోప్‌లో, అంటే గురిచూసే దూరదర్శినిలో చూడాలా, తీసేసి చూడాలా అని షూటింగ్ రేంజ్‌లో నేటికీ తర్జనభర్జన పడేవాళ్లు ఆ విషయం గుర్తుపెట్టుకోవాలి.

స్కోప్ లేని రైఫిల్‌తో గురిపెట్టడం కంటికి పెద్ద పరీక్ష. కంటికి దగ్గరగా ఒక గాడి, గొట్టం కొసన ఒక ముల్లు, ఎక్కడో దూరాన లక్ష్యం. ఈ మూడూ ఒకే వరసలోకి రావాలి. అయితే కన్ను ఒకసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. చిన్న వయసులో కంటిలోని కటకం క్షణంలో ఆకారం మార్చుకుంటుంది కాబట్టి, మూడింటినీ ఒకేసారి చూస్తున్నామన్న భ్రమ కలుగుతుంది. నలభై దాటి చత్వారం మొదలయ్యాక ఆ భ్రమ పోతుంది. లక్ష్యం తేటగా ఉంటే ముల్లు అలుక్కుపోతుంది, ముల్లు తేటగా ఉంటే గాడి కనిపించదు.

ఈ చిక్కు విప్పిన పరికరం కళ్లద్దాల కొట్లోనే పుట్టింది. నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్‌లో కళ్లద్దాలు తయారుచేసే హాన్స్ లిపర్‌షే 1608లో దూరదర్శినికి పేటెంటు కోరాడు. అదే సమయంలో ఇతరులూ అలాంటి పరికరమే చూపించడంతో పేటెంటు దక్కలేదు. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకాలతో కొత్త అమరికను వివరించాడు. అందులో దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. కానీ గొట్టం లోపల, రెండు కటకాల నడుమ, ఒకచోట దూరపు వస్తువు ప్రతిబింబం నిజంగా ఏర్పడుతుంది. అక్కడ ఏ వస్తువు పెట్టినా దూరపు దృశ్యం మీదే గీసినట్టు కనబడుతుంది.

ఈ సంగతి బయటపెట్టింది ఒక సాలీడు. 1640 ప్రాంతంలో ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర విలియం గ్యాస్కోయిన్ అనే యువ ఖగోళ పరిశోధకుడి దూరదర్శినిలో సాలీడు దారం లాగింది. సరిగ్గా ప్రతిబింబం ఏర్పడే చోటనే లాగడంతో, ఆకాశం మీద అడ్డంగా గీత గీసినట్టు ఆ దారం స్పష్టంగా కనిపించింది. నక్షత్రాల స్థానాలు కొలవడానికి దాన్ని వాడుకోవచ్చని గ్యాస్కోయిన్ వెంటనే పట్టుకున్నాడు. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో అతను మరణించాడు. నేటి స్కోప్‌లో కనిపించే అడ్డగీత, నిలువుగీతల గురి గుర్తుకు, అంటే రెటికిల్‌కు, మూలం ఆ సాలెదారమే.

లక్ష్యం, గురి గుర్తు ఒకే తలం మీదికి రావడంతో కన్ను మూడు దూరాల మధ్య పరుగెత్తే పని తప్పింది. ఒక్క బొమ్మను చూస్తే చాలు. చత్వారం వచ్చిన షూటర్‌కు స్కోప్ చేసే అసలు మేలు ఇదే. బొమ్మ పెద్దదిగా కనిపించడం ఆ తర్వాతి సంగతి.

అయితే ఖగోళ పరిశోధకుడి గొట్టం తుపాకీ మీదికి ఎక్కడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. తలకిందుల బొమ్మను నిటారుగా తిప్పే అదనపు కటకాల అమరికను ఆంటోన్ షిర్లే డి రైటా 1645లో ప్రకటించాడు. బొమ్మ అంచుల్లో రంగులు చిందకుండా చేసే జంట కటకానికి 1758లో లండన్‌లో జాన్ డాలండ్ పేటెంటు తీసుకున్నాడు. ఆ డాలండ్ల పేరుతో నడిచిన సంస్థే తర్వాతి కాలంలో బ్రిటన్‌లో ఊరూరా కళ్లజోళ్లు అమ్మిన దుకాణాల శ్రేణి అయింది. 1840ల నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో మోర్గన్ జేమ్స్ అనే తుపాకుల పనివాడు, జాన్ రాట్‌క్లిఫ్ చాప్‌మన్ అనే ఇంజనీరు సలహాలతో రైఫిల్‌కు అమరే పొడవాటి స్కోప్‌లు చేశాడు. 1855లో సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ రంగులు చిందని కటకాలతో వాటిని మెరుగుపరిచాడు.

దూరదర్శినిని మేజా మీద పెట్టి కంటికి ఆనించి చూడవచ్చు. రైఫిల్ మీద అది కుదరదు, ఎందుకంటే పేలగానే రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిట్స్‌బర్గ్‌లో జాన్ అనర్టల్ తయారుచేసిన పొడవాటి స్కోప్‌లు ఆ తన్నుకు తమ బిగింపుల్లో జారేవి, వాటిని మళ్లీ చోటికి లాగాల్సి వచ్చేది. ఇప్పటి స్కోప్‌లు రైఫిల్‌కు గట్టిగా బిగించి ఉంటాయి కాబట్టి, కంటికీ వెనక అద్దానికీ మధ్య చాలినంత ఎడం ఉండాలి. మామూలు స్కోప్‌లలో ఆ ఎడం 75 నుంచి 100 మిల్లీమీటర్లు. దానికన్నా ముందుకు వాలి కాలిస్తే స్కోప్ అంచు కనుబొమను కోస్తుంది. వేటగాళ్లలో కొందరి నుదుటి మీద అర్ధచంద్రాకారపు మచ్చ అలా వచ్చిందే.

తన్ను నుంచి తప్పించడానికి పెట్టిన ఈ ఎడమే కళ్లజోడు వాళ్లకూ అక్కరకొచ్చింది. కళ్లద్దం కంటికి 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందు ఉంటుంది. చాలా బైనాక్యులర్లలో కన్ను నిలవాల్సిన ఎడం 15 మిల్లీమీటర్లకు అటూఇటూ కాబట్టి, కళ్లజోడు పెట్టుకుంటే ఆ జాగా అంతా దానికే పోతుంది, దృశ్యం అంచులు కనబడవు. రైఫిల్ స్కోప్‌లో 90 మిల్లీమీటర్ల ఎడం ఉంటే కళ్లజోడు పోగా ఇంకా 75 దాకా మిగులుతుంది. దృశ్యంలో ఏమీ తగ్గదు. కాకపోతే తన్నుకు మిగిలే జాగా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే గట్టిగా తన్నే రైఫిల్‌కు స్కోప్ కొనే కళ్లజోడు మనిషి, ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్న అంకె కన్నా ముందు ఈ ఎడం ఎంతో చూసుకోవాలి.

మరి కళ్లజోడు తీసేస్తే ఏమవుతుంది? స్కోప్ వెనక కొసన తిరిగే వలయం ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే కంటి వైపు కటకం కాస్త ముందుకో వెనక్కో జరిగి, కంట్లోకి వచ్చే కిరణాల తీరు మారుతుంది. చాలా స్కోప్‌లలో ఇది సుమారు మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా, కొన్నింటిలో 3 దాకా నంబరును సర్దగలదు. మైనస్ 1.5 నంబరున్న మనిషి కళ్లజోడు తీసేసి ఈ వలయం తిప్పుకుంటే రెటికిల్, లక్ష్యం రెండూ తేటపడతాయి. మైనస్ 5 నంబరుకు ఆ తిప్పు చాలదు.

వలయానికి అసలే చేతకాని దోషం ఇంకొకటుంది. కంటి పైపొర గానీ కటకం గానీ ఒక దిశలో ఎక్కువ వంపుగా, మరో దిశలో తక్కువ వంపుగా ఉంటే వచ్చే ఆస్టిగ్మాటిజం అది. 1801లో థామస్ యంగ్ తన కంటిలోనే దాన్ని కొలిచాడు. తర్వాత బ్రిటన్ రాజ ఖగోళవేత్త అయిన జార్జ్ ఎయిరీ తన ఎడమ కంటి దోషాన్ని లెక్కగట్టి, 1825లో దానికి సిలిండర్ కటకాన్ని వివరించాడు. నేటి చీటీల మీద డాక్టర్లు రాసే సిలిండర్ నంబరు, యాక్సిస్ కోణం అతని బాటలో వచ్చినవే. స్కోప్ వలయం అన్ని దిశల్లోనూ ఒకేలా పనిచేస్తుంది కాబట్టి ఈ దోషాన్ని సర్దలేదు. నిలువుగీత తేటపడితే అడ్డగీత మసకబారుతుంది. వెలిగే ఎర్ర చుక్కతో గురిపెట్టే సాధనాల్లోనైతే చుక్క తోకలున్న నక్షత్రంలా విరిగి కనిపిస్తుంది. ఇలాంటి కంటికి కళ్లజోడో, సిలిండర్ ఉన్న కాంటాక్ట్ లెన్సో తప్పదు.

కళ్లజోడు గురిని పక్కకు జరుపుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అద్దం నడిమి నుంచి కాకుండా అంచు నుంచి చూస్తే కిరణాలు వంగుతాయన్న మాట నిజమే. 4 నంబరు అద్దంలో నడిమికి 1 సెంటీమీటరు పక్క నుంచి చూస్తే, మీటరు దూరానికి 4 సెంటీమీటర్ల వంపు వస్తుంది. అయితే కళ్లద్దం స్కోప్‌కు వెనక ఉంది. లక్ష్యం బొమ్మ, రెటికిల్ అప్పటికే ఒకే తలం మీద కలిసిపోయి వస్తాయి, వంగితే రెండూ కలిసే వంగుతాయి. తూటా చోటు మారదు. చెడేది స్పష్టతే.

ఆ స్పష్టత చెడడానికి కారణం షూటర్ మెడ. బోర్లా పడుకుని చెంపను రైఫిల్‌కు ఆనిస్తే, కన్ను అద్దంలో పైన, ముక్కు వైపు మూల నుంచి చూస్తుంది. పాత అద్దాల్లో ఆ మూలల్లో చూపు అలుక్కుపోయేది. చూపు పక్కకు తిరిగినా బొమ్మ చెడకుండా మోరిట్జ్ ఫాన్ రోర్ లెక్కగట్టిన పుంక్టాల్ కటకాన్ని జర్మనీలోని జైస్ సంస్థ 1912లో తెచ్చింది. అదే సంస్థ రైఫిల్ స్కోప్‌లూ చేసింది. 1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్‌తో ప్రోగ్రెసివ్ అద్దాలు వచ్చాయి. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఇమిడినందుకు బదులుగా వాటి కింది భాగపు పక్కల్లో బొమ్మ వంకరపోయే దోషం చేరింది. తల వంపు కాస్త మారితే చాలు, షూటర్ చూపు దగ్గరి నంబరు వైపు జారుతుంది. అలాంటివాళ్లకు దూరపు నంబరు ఒక్కటే ఉన్న అద్దాలు మేలు. పోటీల్లో పాల్గొనేవాళ్లు వాడే జర్మనీ నోబ్లాక్, స్విట్జర్లాండ్ ఛాంపియన్ ఫ్రేముల్లో ఒకే గుండ్రటి అద్దాన్ని పైకీ కిందకీ పక్కకీ జరిపి, సరిగ్గా చూపు దారిలో నిలుపుకోవచ్చు.

ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో స్కోప్‌కు అనుమతి లేదు. హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది చిన్న రంధ్రం గుండా చూసి గురిపెట్టే సాధనంతోనే. సన్నని రంధ్రం దగ్గరినీ దూరాన్నీ కాస్త కాస్త తేటపరుస్తుంది. కటకం లేకుండానే కంటికి కొంత సాయం అందుతుంది.

కళ్లజోడుకూ స్కోప్‌కూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా ఉంది. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. పది ఉపరితలాలు దాటేసరికి మూడో వంతు ఖర్చవుతుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది, అలాంటి పూతలే తర్వాత కళ్లద్దాల మీదికి వచ్చాయి. షూటర్ వీపు వైపు ఎండ ఉన్నప్పుడు కళ్లద్దం లోపలి తలంలో తన కన్నే తనకు కనబడకుండా కాపాడేది ఆ పూతే. ఆవిరి సంగతి వేరు. అమెరికాలో మార్కస్ లియోపోల్డ్ తన స్కోప్‌లో ఆవిరి కమ్మి జింక తప్పిపోయాక సొంతంగా స్కోప్‌ల తయారీకి దిగాడు, 1947లో మొదటిది వచ్చింది. గొట్టంలోని తేమగాలిని తీసి నైట్రోజన్ నింపడంతో లోపలి ఆవిరి బెడద తీరింది. కళ్లద్దం మీద పట్టే ఆవిరికి మాత్రం ముక్కు దగ్గర గాలి ఆడే ఫ్రేమే మందు.

కళ్లజోడు తీయకూడదనడానికి అన్నిటికన్నా బలమైన కారణం స్కోప్ బయట ఉంది. 9 రెట్లు పెంచి చూపే స్కోప్‌లో 100 మీటర్ల దూరాన కనిపించేది నాలుగైదు మీటర్ల వెడల్పు మాత్రమే. లక్ష్యం పక్కన ఎవరున్నారో, వెనక గోడ ఉందో దారి ఉందో, రేంజ్‌లో ఎర్రజెండా ఎగిరిందో చూడాల్సింది స్కోప్ మీంచి తల ఎత్తిన కన్నే. వలయం తిప్పుకుని కళ్లజోడు జేబులో పెట్టుకున్న మనిషికి ఆ నాలుగు మీటర్లు తప్ప మిగతా మైదానమంతా మసకే. పైగా తూటా తొడుగు చీలి వేడి వాయువు వెనక్కి చిమ్మితే, పాలికార్బొనేట్ అద్దం కంటికి కవచమవుతుంది.

కాబట్టి స్కోప్‌ను బిగించేటప్పుడే కళ్లజోడు పెట్టుకోవాలి. ఖాళీ రైఫిల్‌ను భుజానికెత్తి, కళ్లు మూసుకుని, చెంప ఆనించి, కళ్లు తెరవగానే నల్లటి నీడ లేకుండా నిండు వృత్తం కనిపించేదాకా స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపాలి. తర్వాత సూర్యుడు లేని వైపు ఆకాశానికి తిప్పి, ఒకటి రెండు క్షణాలు మాత్రమే చూస్తూ, చూసీ చూడగానే రెటికిల్ నల్లగా తేటగా కనిపించేలా వలయాన్ని సర్దాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని తప్పు సర్దుబాటును ఒప్పు చేస్తుంది. లక్ష్యాన్ని తేటపరచడానికి ఈ వలయాన్ని తిప్పకూడదు. ఆ పనికి చాలా స్కోప్‌ల పక్కన వేరే మీట ఉంటుంది. నంబరు మారి కొత్త అద్దాలు వేయించుకుంటే ఈ సర్దుబాటు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

ఇప్పుడు గాజు బదులు సెన్సర్‌తో చూసి, లోపలి చిన్న తెర మీద బొమ్మ చూపే డిజిటల్, థర్మల్ స్కోప్‌లు వచ్చాయి. సాలెదారం చోటును తెర మీది చుక్కలు తీసుకున్నాయి. ఆ తెరను చూపే కటకం చుట్టూ మాత్రం అదే వలయం ఉంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లు వాటిని వాడేటప్పుడు కూడా కళ్లజోడు పెట్టుకునే ఉండాలి.