మగ కందిరీగల్లో వర్ణవైవిధ్యం: పోలిస్టిస్ డొమినులా జాతి – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కీటకాల గుర్తింపులో రంగు మొదట కంటబడే లక్షణం. తప్పుదారి పట్టించే అవకాశం కూడా దానికే ఎక్కువ. రెండు కందిరీగలు రంగులో భిన్నంగా ఉన్నప్పుడు అవి వేర్వేరు జాతులా, లేక ఒకే జాతిలోని వైవిధ్యమా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఐరోపా కాగితపు కందిరీగ అయిన పోలిస్టిస్ డొమినులా ఇందుకు చక్కని నిదర్శనం. 1791లో క్రైస్ట్ వర్ణించిన ఈ జాతి, తరువాతి రచనల్లో చాలాకాలం పోలిస్టిస్ గాలికస్ అనే దగ్గరి జాతి పేరుతోనే వ్యవహరింపబడింది.

2. మగవాటి ప్రత్యేకత

కందిరీగల్లో ఆడవి ఫలదీకరణ చెందిన అండాల నుండి, మగవి సాధారణంగా ఫలదీకరణ చెందని అండాల నుండి పుడతాయి. అందువల్ల మగవి ఏకస్థితికాలు. వాటిలో ఒక్కొక్క జన్యువుకు ఒకే ప్రతి ఉండడంతో అంతర్గత జన్యువుల ప్రభావం మరుగున పడదు. మగవాటి స్పర్శశృంగాలకు 13 ఖండితాలు, ఆడవాటికి 12 ఉంటాయి. కుట్టే ముల్లు అండనిక్షేపకం రూపాంతరం కనుక మగవాటికి అది ఉండదు. ఈ జాతి ఆడవాటి ముఖఫలకం మీద నల్లని గుర్తులు రకరకాలుగా ఉంటాయి. మగవాటి ముఖం పసుపుగా ఉంటుంది. మగవాటిలో గమనింపదగిన వైవిధ్యం ఉదరం మీది పసుపు మచ్చల్లో కనిపిస్తుంది. కొన్నింటిలో అవి చిన్నవిగా, దీర్ఘవృత్తాకారంలో ఉంటాయి. మరికొన్నింటిలో పెద్దవిగా, అంచులు క్రమం తప్పి ఉంటాయి.

3. మచ్చలు తెలిపే సమాచారం

వేసవి చివర మగవి చెట్లు, పొదలు, కంచెలు వంటి ఎత్తైన చోట్ల చేరి, స్థానం కోసం పరస్పరం పోటీపడతాయి. ఆడవి అక్కడికి వచ్చి జంటను ఎంచుకుంటాయి. 2012లో అమండా ఇజో, ఎలిజబెత్ టిబెట్స్ ప్రకటించిన పరిశోధనలో, చిన్న దీర్ఘవృత్తాకార మచ్చలున్న మగవి పోటీలో పైచేయి సాధించాయి. ఆడవి కూడా వాటివైపే మొగ్గాయి. మచ్చలను కృత్రిమంగా మార్చినప్పుడు ఆడవాటి ఎంపిక, ప్రత్యర్థుల ప్రవర్తన ఆ మార్పును అనుసరించాయి. మచ్చ కేవలం సామర్థ్యంతో పాటు కనిపించే గుర్తు కాదని, ఇతర కందిరీగలు దానిని చూసి స్పందిస్తున్నాయని దీనివల్ల స్పష్టమవుతుంది.

4. సంకేతపు విశ్వసనీయత

బలహీనమైన మగవి కూడా మంచి మచ్చలు ధరిస్తే సంకేతానికి విలువ ఉండదు. అలా జరగకపోవడానికి ఒక కారణం ఎదుగుదలలో ఉంది. డింభకదశలో లభించిన పోషణ మచ్చలపై ప్రభావం చూపుతుందని అదే పరిశోధకులు 2015లో చూపారు. ప్రౌఢజీవి వెలువడిన తరువాత ఆ ఆకృతి మారదు. కనుక మచ్చ బాల్యపు పోషణకు చెరగని ముద్ర వంటిది.

5. పరిమితులు

ఈ నిర్ణయాలను అన్ని ప్రాంతాలకూ యథాతథంగా వర్తింపజేయరాదు. ఆడవాటి ముఖచిహ్నాలు పోరాటశక్తిని సూచిస్తాయని 2004లో అమెరికా సమూహాలపై జరిగిన పరిశోధన తెలిపింది. స్పెయిన్ సమూహాల్లో ఆ సంబంధానికి తగిన ఆధారం లభించలేదు. ఒకే జాతిలోనైనా సంకేతపు అర్థం ప్రాంతాన్ని బట్టి మారవచ్చు.

6. ముగింపు

ఒకటి రెండు నమూనాల రంగును బట్టి మగ కందిరీగల జాతిని నిర్ణయించడం ప్రమాదకరం. ఒకే గూటి నుండి పలు మగవాటిని సేకరించి, జననాంగ నిర్మాణాన్ని, డీఎన్ఏ క్రమాన్ని కూడా పరిశీలించాలి. అప్పుడే వర్గీకరణకు అడ్డంకిగా తోచిన వైవిధ్యం ఆ కీటకపు జీవితాన్ని తెలిపే ఆధారంగా మారుతుంది.